ఏడున్నర గ్రాముల ప్రయాణికులు

రేవు సామాన్ల గది,
మే 6

అమ్మమ్మా,

నేను బాగానే ఉన్నాను. మిగతాది ఫోన్లో చెప్పలేను. అమ్మ స్పీకరు పెట్టి వింటుంది, సగంలో ఏడుస్తుంది, ఆ తర్వాత తనని ఓదార్చే పని నా మీద పడుతుంది. అందుకే ఉత్తరం.

పోయిన గురువారం సాయంత్రం అయిదున్నర ట్రిప్పు. నా పడవలో యాభై ఎనిమిది మంది. అవతలి రేవు ముందు నీళ్ళలో తేలే ఎర్ర పీపా ఉంటుంది కదా, అది దాటాక రోజూ తిప్పినట్టే కుడికి తిప్పాను. పడవ ఎడమకి ఒరిగింది. అది మామూలే, ఒరిగి లేస్తుంది. ఈసారి లేవలేదు. ఎవరో పైనుంచి చెయ్యి వేసి నొక్కి పట్టుకున్నట్టు చాలాసేపు అలాగే ఉండిపోయింది. జనం ఒకరి మీద ఒకరు జారారు. ఇద్దరు నీళ్ళలో పడ్డారు. ఒక టైలరమ్మకి కుడి మణికట్టు విరిగింది. నీళ్ళలో పడ్డవాళ్ళని, తాళ్ళు కట్టే మా డెక్కు అన్న దూకి లాగాడు. ఎవరి ప్రాణమూ పోలేదు. ఆ ఒక్కటి తలుచుకునే అన్నం తింటున్నాను.

జూలై మొదటి వారంలో విచారణ. మలుపు దగ్గర వేగం తగ్గించలేదని, సరదాకి తిప్పానని ఫిర్యాదు. అది నిజమని తేలితే లైసెన్సు రద్దు చేస్తారు, ఇక జన్మలో ఇవ్వరు. అప్పటిదాకా నన్ను చుక్కాని దగ్గర్నుంచి దింపి సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. తాళ్ళూ చీపుర్లూ లెక్కపెడుతున్నాను.

వేగం ఎప్పటిదే అమ్మమ్మా.

నీ
తూనీగ


వెనక వరండా,
మే 11

తూనీగా,

నీళ్ళలో పడ్డవాళ్ళని లాగిన మీ డెక్కు అన్నకి నా నమస్కారాలు చెప్పు. మాటల్లో కాదు, ఎదురుగా నిలబడి చెప్పు.

ఇక నీ సంగతి. 'ఎప్పటి వేగమే' అంటే నాకు అర్థం కాదు. పద్నాలుగేళ్ళప్పుడు సైకిలుతో గోడని గుద్ది, గోడే ఎదురొచ్చిందని చెప్పిన పిల్లవి. నాకు కొలతలు కావాలి. పడవ నిడివెంత, వెడల్పెంత, ఖాళీగా బరువెంత, నీళ్ళలో ఎంత లోతు దిగుతుంది, రెయిలింగు ఎత్తెంత, చుక్కాని పలక ఎంత, ఎవరెక్కడ కూర్చున్నారు, అన్నీ రాయి. సామాన్ల గదిలో ఉన్నావు కాబట్టి టేపు దొరక్కపోవడమన్న సాకు లేదు.

మీ పడవని ఇరవయ్యో వంతుకి కడతాను. రేడియోతో నడిచేది. అటక మీద నీ పాత రిమోటు కారుంది. పదో పుట్టినరోజుకి నీకని కొని, నాలుగు రోజులు నేనే ఆడుకున్నది. దాని మోటారూ, చక్రాలు తిప్పే మరా ఇంకా పనిచేస్తున్నాయి. మోడల్ పడవలకి ఇత్తడి సామాన్లు అమ్మేవాళ్ళ జాబితా తెప్పించి చూశాను. వేలెడంత లంగరుకి వాళ్ళు చెప్పే ధరకి నిజం లంగరే వచ్చేటట్టుంది. జాబితా మడిచి కిటికీ చప్పుడు చేయకుండా సందులో దోపి, వీధి చివర ఇనుప సామాన్ల కొట్టుకి బయలుదేరాను.

మీ అమ్మకి ఏం చెప్పాలో అది నేను చెబుతాను. నువ్వు తాళ్ళు లెక్కపెట్టు.

అమ్మమ్మ


రేవు సామాన్ల గది,
మే 17

అమ్మమ్మా,

కొలతలన్నీ ఈ కవర్లో ఉన్నాయి. నిడివి పద్ధెనిమిది మీటర్లు, వెడల్పు నాలుగున్నర. జనంతో కలిపి పాతిక టన్నులు. పైన రెయిలింగూ గొట్టాలూ దీపాల స్తంభమూ కలిపి రెండు వందల కిలోలకి మించవని మా ఫిట్టరు అంటున్నాడు. ఎవరెక్కడ కూర్చున్నారో గుర్తున్నంతవరకు గీశాను. గుర్తుండడం ఏమిటి, కళ్ళు మూసుకుంటే కనబడేది అదే.

ఈ గదికి ఒక్క కిటికీ. అందులోంచి నా పడవ కనబడుతుంది. తాడుతో కట్టి ఉంచారు, దాన్నెవరూ తీయడం లేదు. మిగతా రెండు పడవలూ నా ట్రిప్పులు కూడా తిరుగుతున్నాయి. వాటిని నడిపే సారంగులిద్దరికీ పని పెరిగింది, అయినా ఒక్క మాట అనలేదు. పొద్దున్నే నాకూ ఒక టీ గ్లాసు కిటికీలో పెట్టి వెళ్తున్నారు.

నువ్వు నన్ను తిడుతూ ఉత్తరం రాశావు చూడు, అది చదివాక మొదటిసారి నిద్రపట్టింది. ఇక్కడ అందరూ జాలిగా చూస్తున్నారు. జాలి కన్నా తిట్టే నయం.

తూనీగ


వెనక వరండా,
జూన్ 3

తూనీగా,

మీ పడవ తయారైంది. ఒళ్ళు ప్లైవుడ్డు. ఇరుసు ఒక సైకిలు చువ్వ, అది తిరిగే గొట్టం ఖాళీ రీఫిల్లు, లోపల వాజలీను. ఫ్యాను రేకులు డబ్బా మూత కత్తిరించి నట్టుకి అతికించినవి. చుక్కాని అంటావా, చిన్న మడతబందు. ఒక రెక్కని ఒంటికి బిగించాను, రెండోది నీళ్ళలో తిరుగుతుంది. మడతబందు పుట్టిందే అందుకన్నంత బాగా తిరుగుతుంది. జనం ఎక్కే పలకకి ఇంకో మడతబందు. తాళ్ళు కట్టే గుంజలు రివెట్లు, లంగరు గొలుసు సింకు మూతకుండే పూసల గొలుసు, ప్రాణరక్షణ చక్రాలు కర్టెను రింగులు. రెయిలింగుకి ఇనుప పిన్నులు పాతి తీగ లాగాను.

కొట్టు ఆవిడ "ఏం బిగించడానికండీ?" అంది.

"రెయిలింగు."

"బాల్కనీకా?"

"పడవకి."

నన్ను పైనుంచి కిందకి ఒకసారి చూసింది. "జనం ఆనుకుంటే ఈ పిన్నులు ఆగుతాయాండీ?"

"ఫరవాలేదమ్మా, ఒక్కొక్కరు ఏడున్నర గ్రాములే."

 సొరుగులన్నీ లాగి నా ముందు పెట్టి, కాస్త దూరంగా వెళ్ళి నిలబడింది. ఈ మూడు వారాల్లో ఆవిడకి నా మీద నమ్మకం కుదిరింది. నిన్న తనే పిలిచి, "మీ పడవకి పనికొస్తుందేమో" అని ఒక బుల్లి గడియ ఇచ్చింది. నీ చుక్కాని గది తలుపుకి పెట్టాను.

ఏడున్నర గ్రాములు ఎందుకంటావేమో. నిడివి ఇరవయ్యో వంతైతే బరువు ఎనిమిది వేలో వంతు. ఎనిమిదో తరగతిలో చెప్పాను, అప్పుడు నువ్వు కిటికీలోంచి చూస్తున్నావు. అరవై కిలోల మనిషి ఏడున్నర గ్రాములవుతాడు. ఒక నట్టూ ఒక వాషరూ కలిపితే సరిగ్గా అంతే. యాభై ఎనిమిది మందిని నువ్వు గీసిన చోట్లలో కూర్చోబెట్టాను.

నేను పనిచేసిన బడిలో ఈతకొలను ఉంది కదా. అక్కడ ఈత నేర్పేది ఎవరనుకున్నావు, నేను ఫిజిక్సులో ముప్పై నాలుగు వేసి తప్పించిన పిల్ల. "రండి టీచర్, ఆ ఒక్క మార్కు ఇప్పుడు వేస్తారా?" అంటూ పిల్లలు లేని గంట చూసి గేటు తీసింది. ఆ ముప్పై నాలుగుని పట్టించుకోకుండా కొలను మొత్తం నాకు వదిలేసింది. మంచి పిల్ల. మార్కు మాత్రం వేయలేదు.

పడవని నడిపి, లెక్క ప్రకారం తగ్గించిన నీ వేగానికే కుడికి తిప్పాను. ఎడమకి ఒరిగింది. లేవడానికి తటపటాయించింది. నట్లన్నీ ఎడమవైపు జారాయి, రెండు నీళ్ళలో పడ్డాయి.

సరిగ్గా రెండు. గట్టు మీద కూర్చుండిపోయాను.

అమ్మమ్మ


వెనక వరండా,
జూన్ 5

తూనీగా,

మొన్నటి ఉత్తరం చింపెయ్యి.

రాత్రంతా ఏదో నలుగుతూనే ఉంది. పొద్దున్నే పైన బిగించినవన్నీ పీకి తక్కెడలో వేశాను. నూట తొంభై గ్రాములు. మీ ఫిట్టరు చెప్పిన రెండు వందల కిలోలకి నా పడవ మీద పాతిక గ్రాములుండాలి. చవగ్గా దొరికిందని నేను బిగించిందంతా ఇనుము. అంటే నూట అరవై అయిదు గ్రాములు ఎక్కువ పెట్టాను, అదీ పైభాగంలో. నా పడవ ఒరిగింది నా పిన్నుల బరువుకి. ముప్పై ఎనిమిదేళ్ళు పాఠం చెప్పినదాన్ని, తూచకుండా బిగించాను. ముప్పై నాలుగు కాదు, నాకు పన్నెండు వెయ్యాలి.

ఇనుప పిన్నుల చోట చెవి పుల్లలు పాతాను. అల్యూమినియం తీగ, ప్లాస్టిక్కు రింగులు, రివెట్ల బదులు చొక్కా బొత్తాలు. పాతిక గ్రాములకి దించి మళ్ళీ కొలనుకి వెళ్ళాను. అదే వేగం, అదే మలుపు. కొంచెం ఒరిగి లేచింది. వేగం పెంచాను. లేచింది. రెట్టింపు చేశాను. నీళ్ళు నా చీర మీదకి ఎగిరాయి కానీ పడవ లేచింది.

కాబట్టి విను. ఆ రోజు నువ్వు రెట్టింపు వేగంతో తిప్పి ఉన్నా నీ పడవ అలా పడి ఉండకూడదు. నా తప్పు ఉన్నంతసేపే అది పడింది. అంటే నా తప్పులాంటిదే మీ పడవ మీదా ఉంది. నూట అరవై అయిదు గ్రాములంటే మీ లెక్కలో పదమూడు వందల కిలోలు.

పైకప్పు మీద ఏముందే?

ఆలోచించి రాయి. ఆలోచించకుండా రాస్తే ఇంకా మంచిది.

అమ్మమ్మ


రేవు సామాన్ల గది,
జూన్ 9

అమ్మమ్మా,

నీళ్ళ ట్యాంకు ఉంది.

నేనే పెట్టించాను. పోయిన ఎండాకాలం. అటూ ఇటూ కలిపి గంటన్నర ప్రయాణం, ముసలివాళ్ళు నీళ్ళడిగితే ఇవ్వడానికి సీసా కూడా ఉండేది కాదు. నేనే గీసి, వెల్డింగు అతనితో చేయించాను. గాలికి ఆగాలని పళ్ళెంలా పలచగా, పడవకి అడ్డంగా మూడు మీటర్లు. దాని కింద రెండు కుళాయిలు. ఎవరి అనుమతీ అడగలేదు. మంచిపనికి అనుమతేమిటనుకున్నాను. పొద్దున నింపితే సాయంత్రానికి సగం అవుతుంది. ఆ రోజూ సగమే ఉంది, జనం మాత్రం ఎప్పటికన్నా ఎక్కువ.

మొదటి వారం నాకు నిజంగా గుర్తు రాలేదు. ఆ తర్వాత గుర్తొచ్చింది. నీకు కొలతలు పంపిన రోజున గుర్తుంది. రాయలేదు. వేగంగా తిప్పానంటే అది వాళ్ళ మాట, కాదని పోట్లాడొచ్చు. ట్యాంకు అంటే నా చేతులే. ఈ రేవులో నన్ను అందరూ మెచ్చుకున్నది ఆ ఒక్క పనికి. చూసి ముచ్చటపడి మిగతా రెండు పడవలవాళ్ళు కూడా అలాంటివే పెట్టించుకున్నారు.

నీ తప్పు నువ్వు తూచి రాశావు. అది చదివాక దాచడం నా వల్ల కాలేదు.

తూనీగ


రేవు సామాన్ల గది,
జూన్ 12

అమ్మమ్మా,

నీ ఫోను మొత్తం పదకొండు సెకన్లు. "ఉత్తరం అందింది. ఆ రెండు పడవలూ ఇవాళ తిరుగుతున్నాయా? లే. వెళ్ళి ఆపించు. నీ సంగతి తర్వాత." పెట్టేశావు. అయిదు నిమిషాలకి అమ్మ ఫోను. "అమ్మమ్మ ఎవరినే అలా కసురుతోంది?" అంటూ.

నిజం చెప్పనా, అప్పటిదాకా ఆ రెండు పడవల సంగతి నా బుర్రకి తట్టలేదు. నా లైసెన్సు, నా పేరు, నా పడవ. రోజూ నా కిటికీ ముందు నుంచే వెళ్తున్నాయి, నెత్తిన నేను గీసిన ట్యాంకులు పెట్టుకుని.

వెళ్ళేసరికి రేవు అధికారి భోజనం డబ్బా మూత తీస్తున్నారు. అంతా చెప్పాను.

"ఇది చెబితే నీ కేసు నువ్వే పాడుచేసుకున్నట్టమ్మా. తెలుసా?"

"తెలుసండీ."

"విచారణ రోజున చెప్పొచ్చుగా. ఇంకెన్నాళ్ళు?"

"రెండింటికి ట్రిప్పుందండీ. ఈపాటికి ట్యాంకు ఆ రోజులాగే సగానికి దిగుతూ ఉంటుంది."

ఆయన నన్ను చూశారు, గడియారం చూశారు, డబ్బా మూత పెట్టేశారు. రెండు పడవలనీ రేవులోనే ఆపించారు. ట్యాంకులు ఖాళీ చేసి దింపేసరికి సాయంత్రమైంది. గట్టు మీద నిలబడ్డవాళ్ళు నన్ను తిట్టని తిట్టు లేదు. సారంగుల్లో పెద్దాయన మాత్రం దగ్గరికొచ్చి, "నీళ్ళు పెట్టిందీ నువ్వే, తీయించిందీ నువ్వే. పనిలేకపోతే మనిషి ఇలాగే తయారవుతుంది" అన్నాడు. మర్నాడు పొద్దున కిటికీలో టీ గ్లాసు ఉంది.

తూనీగ


వెనక వరండా,
జూన్ 21

తూనీగా,

నీకు ఫోను చేశాకే కొలనుకి వెళ్ళాను. చెప్పడానికి ప్రయోగం అక్కర్లేదు, చూపించడానికి కావాలి.

మీ ట్యాంకుని ఇరవయ్యో వంతు చేస్తే పిల్లల పెన్సిలు డబ్బా అయింది. దాన్ని పైకప్పు మీద అడ్డంగా బిగించి, సిరా కలిపిన నీళ్ళు సగానికి పోశాను. మామూలు వేగంతో కుడికి తిప్పాను. ఒరిగింది. డబ్బాలో నీళ్ళు కూడా ఒరిగిన వైపుకే పరిగెత్తి అక్కడే గుమికూడాయి. పడవ లేవాలంటే వాటిని కూడా ఎత్తాలి. ఎవరో పైనుంచి నొక్కి పట్టుకున్నట్టుందని రాశావే, ఆ పట్టుకున్నవి నీ నీళ్ళే. ఈత పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని చూసి, "ఇలా చూపించి ఉంటే నేను పాసయ్యేదాన్ని టీచర్" అంది. నిజమే. ఆ రోజుల్లో నల్లబల్ల మీద బొమ్మ గీసి వదిలేశాను. ఆ మార్కు నా దగ్గరే ఉండిపోయిందని ఒప్పుకున్నాను. ఆ పిల్ల నవ్వడానికి బదులు కళ్ళు తుడుచుకుంది. ఏం చెయ్యాలో తోచక నట్లు ఏరుకున్నాను.

పడవని పెట్టెలో సర్ది పంపిస్తున్నాను. విచారణలో మూడుసార్లు నడుపు. ట్యాంకు లేకుండా, సగం ట్యాంకుతో, చివర నా ఇనుప పిన్నుల రెయిలింగుతో. ఆ రెయిలింగు విడిగా పొట్లం కట్టాను, పైనుంచి తొడిగితే చాలు. నా తప్పుని కూడా వాళ్ళకి చూపించు. దాచిపెట్టిందేమీ లేదని తెలిస్తేనే మిగతాది నమ్ముతారు. నట్లు యాభై ఎనిమిది ఉన్నాయి, లెక్కపెట్టి తీసుకురా. కొట్టు ఆవిడ ఫలితం చెప్పమంది.

అమ్మమ్మ


రేవు సామాన్ల గది,
జూలై 8

అమ్మమ్మా,

నిన్న విచారణ అయింది. రేవు వెనక పెద్ద సిమెంటు తొట్టి ఉంది, అందులో నడిపాను. ముగ్గురు అధికారులు తొట్టి చుట్టూ వంగి నిలబడ్డారు. సగం ట్యాంకుతో పడవ ఒరిగి ఉండిపోగానే ఒకాయన "మళ్ళీ" అన్నారు. మళ్ళీ. ఇంకోసారి. నాలుగోసారి రిమోటు నా చేతిలోంచి తీసుకుని తనే తిప్పారు. ఆ తర్వాత ఎవరడిగినా ఇవ్వలేదు. గుండ్రంగా తొట్టంతా తిప్పి, "ఈ చుక్కాని ఎక్కడ కొన్నారు?" అన్నారు. "బీరువాకి వేసే మడతబందండీ" అన్నాను.

వేగం ఆరోపణ కొట్టేశారు. అనుమతి లేకుండా పడవని మార్చినందుకు ఆరు నెలలు చుక్కాని పట్టకూడదు. లైసెన్సు రద్దు కాలేదు. నాకు నేనే వచ్చి మిగతా పడవల్ని ఆపించానని కాగితంలో రాశారు. ఆరు నెలలు న్యాయమే. తక్కువేనేమో కూడా. జనవరిలో మళ్ళీ నా పడవ.

టైలరమ్మ సాక్ష్యానికి వచ్చింది. చేతికి ఇంకా కట్టు ఉంది. బయటికొచ్చాక వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాను. ఆమే అంది, "ఆ కుళాయి నీళ్ళు నేనూ తాగానమ్మా. పెట్టినందుకు నిన్ను తిట్టలేను. చెయ్యి విరిగినందుకు ఊరుకోనూలేను. కుట్టడం ఎడంచేత్తో ఎలాగో లాక్కొస్తున్నాను, కత్తెర పట్టలేను. ఏం చేస్తావో చెప్పు."

ఆదివారాలు వస్తానన్నాను. ఇవాళే ఆదివారం కదా, వెళ్ళొచ్చాను కూడా. మొదటి జాకెట్టుకి రెండు ఎడమ చేతులు కత్తిరించాను. ఆమె కోప్పడకుండా నవ్వింది, అది ఇంకా కష్టంగా ఉంది.

అమ్మమ్మా, నువ్వు నన్ను నమ్మి ఆ పడవ కట్టావు. ఇంకెవరూ చెయ్యనిది అది. దీనికి థాంక్సు అని రాస్తే నువ్వు ఎర్ర పెన్నుతో కొట్టేస్తావని తెలుసు. అయినా రాస్తున్నాను.

తూనీగ


వెనక వరండా,
జూలై 13

తూనీగా,

కొట్టేయాల్సింది ఆ మాట కాదు, దాని పైన రాసిన వాక్యం. నేను నిన్ను నమ్మి ఆ పడవ కట్టలేదు.

నువ్వు వేగంగానే తిప్పి ఉంటావని అనుకున్నాను. తిప్పి అబద్ధమాడుతున్నావేమోనని. పడవ కట్టి, లెక్క తేల్చి, నీ చేతే ఒప్పిద్దామని మొదలుపెట్టాను. కొట్టులో సొరుగులు వెతుకుతున్నప్పుడు కూడా నా మనసులో ఉన్నది అదే. మొదటిసారి పడవ ఒరిగి గట్టు మీద కూర్చుండిపోయానని రాశానే, అది సంతోషం కాదు, సిగ్గు. ఆ రాత్రి నేను ఇనుము తూచాలనుకున్నది కూడా నిన్ను కాపాడడానికి కాదు. ఇంత తేలిగ్గా నువ్వు నిర్దోషివని తేలడం నాకు మింగుడుపడలేదు, అందుకని. రెట్టింపు వేగంతో తిప్పినా పడవ లేచిన రోజున, నా మనవరాలి మాట కన్నా మడతబందు మాట ఎక్కువ నమ్మినదాన్ని నేనని తెలిసింది.

నువ్వేమో ఆ మడతబందుకి తెలియని ట్యాంకు సంగతి నువ్వే రాశావు. రాయకపోతే నేను ఈ జన్మలో కనుక్కోలేకపోయేదాన్ని. లెక్క నన్ను పైకప్పు దాకా తీసుకెళ్ళింది. అక్కడ ఏముందో చెప్పింది నువ్వే. ఆ రెండు పడవల్లో ఎక్కి దిగుతున్న జనం నీకు రుణపడి ఉన్నారో లేదో నాకు తెలియదు. నేను మాత్రం ఉన్నాను. ఈ వయసులో నా అనుమానం తప్పని తేలడం కన్నా హాయి ఇంకేముంటుంది.

క్షమించమని రాయడం నాకు అలవాటు లేదు. పిల్లల చేత రాయించుకోవడమే అలవాటు. అందుకని శనివారం బస్సుకి బయలుదేరుతున్నాను. మీ అమ్మకి చెప్పాను, తను కూడా వస్తానంది, వద్దన్నాను. టైలరమ్మతో చెప్పు, ఆదివారం నుంచి కత్తెర పట్టడానికి కుడి చెయ్యేదో ఎడమ చెయ్యేదో తెలిసిన మనిషి ఒకతి వస్తోందని. నువ్వు పక్కన కూర్చుని గుండీలు కుట్టు.

అమ్మమ్మ